అప్‌డేట్: 12 మీటర్ల కైటా, 9 మీటర్లదా?

కైట్‌సర్ఫింగ్‌ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ళపై జారే ఆట) గురించి పోయినసారి అడిగా కదా, నా బరువు 75 కేజీలు, గాలి 18 నాట్లు (గంటకు దాదాపు 33 కి.మీ.), గస్ట్‌లు (ఒక్కసారిగా కొట్టే బలమైన గాలి) 25 దాకా, 12, 9 చదరపు మీటర్ల కైట్లలో ఏది వేయాలి అని. మీరంతా గస్ట్‌లు చూసి 9 వేయమన్నారు, అదే వేశా, థాంక్స్ అండీ!

గాలి కాస్త తగ్గినప్పుడు మాత్రం బోర్డు మునిగేది, కైట్‌ని పైకీ కిందికీ తిప్పుతూ ఉంటే మళ్ళీ లాగింది, గస్ట్ కొట్టినా బార్ (కైట్‌ని నడిపే చేతికర్ర) కొంచెం వదిలితే చాలు కంట్రోల్‌లోనే ఉంది. ఒకటి ఇప్పుడు అర్థమైంది, గాలి బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి 18 నుంచి 25కి వెళ్తే లాగుడు దాదాపు రెట్టింపు, అప్పుడు 12 చేతిలో ఉండుంటే నిజంగా ప్రమాదమే. పక్కన నాకంటే చాలా బరువున్నాయన 12తోనే హాయిగా తిరుగుతున్నాడు, ఆయన్ని చూసి మాత్రం సైజ్ మార్చలేదు. 12ని 15 నాట్ల నిలకడ గాలికి ఉంచుకుంటున్నా.