గనుల నుంచి రేవుకు రెండు మూడు ట్రైలర్ల బండ్లు: చిత్తూరు, తిరుపతి దారులకు తగునా?

గనిలెక్కలు:
మంగంపేట ముగ్గురాయిని (బెరైటీస్ ఖనిజాన్ని), పలమనేరు, కుప్పం ప్రాంతాల గ్రానైట్ దిమ్మెలను రేవులకు చేర్చడానికి మనం ఇప్పటికీ బండికొక ట్రైలర్ చొప్పునే నడుపుతున్నాము. ఆస్ట్రేలియాలో 1930లలోనే ఒక బండి వెనుక రెండు ట్రైలర్లు కట్టి ఎడారి దారుల్లో తోలారు. తరువాత ఆలిస్ స్ప్రింగ్స్‌లో కర్ట్ జొహాన్సెన్, ముందు బండి నడిచిన జాడలోనే వెనుక ట్రైలర్లూ తిరిగే ఏర్పాటును తయారుచేశాడు. నేడు అక్కడ 53.5 మీటర్ల పొడవున్న బండ్లు గనుల నుంచి పోర్ట్ హెడ్‌లాండ్ వంటి రేవులకు ఇనుప ఖనిజం మోస్తున్నాయి. మన దేశంలోనూ 2020 జూన్ సవరణతో ఎంపిక చేసిన మార్గాల్లో 25.25 మీటర్ల బండికి అనుమతి వచ్చింది; 2025లో నాగపూర్‌లో అటువంటి బండిని ప్రారంభించారు కూడా. చిత్తూరు నుంచి చెన్నై దగ్గరి తచ్చూరుకు ఆరు వరుసల రహదారి సిద్ధమవుతున్న ఈ సమయంలో మన జిల్లాలకూ అనుమతి కోరాలని నా అభిప్రాయం.

మొగిలిమలుపు:
అయ్యా, ఆరు వరుసల దారి చిత్తూరు దాటాక మొదలవుతుంది. పలమనేరు నుంచి చిత్తూరుకు రావాలంటే మొగిలి ఘాట్ దిగాలి. నేను పదిహేడేళ్లుగా సొంత బండిపై దిమ్మెలు తోలుతున్నాను. మూడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు గల దిమ్మె ఒక్కటే పద్దెనిమిది టన్నులు తూగుతుంది. ఒక వానరాత్రి ఆ ఘాట్‌లో నా ముందు బస్సు హఠాత్తుగా ఆగితే బ్రేకు తొక్కాను. బండి ఆగింది గానీ, దిమ్మె కింద పెట్టిన చెక్క నలిగి రాయి జానెడు ముందుకు జరిగింది. గొలుసు తెగలేదు కాబట్టి ఈ మాట రాయగలుగుతున్నాను. ఆ వెనుక ఇంకొక ట్రైలర్ ఉండి ఉంటే ఏమయ్యేదో మీరే చెప్పండి.

కాణిపాకం97:
ఒక్క ట్రైలర్ బండి ఊళ్లో మలుపు తిరిగేటప్పుడే బడ్డీకొట్టు రేకులు ఊడిపోతున్నాయి.

గనిలెక్కలు:
మొగిలిమలుపు గారూ, మీ అనుభవాన్ని తోసిపుచ్చను. అయితే అది దిమ్మెను సరిగా కట్టకపోవడానికి సంబంధించినది, ట్రైలర్ల సంఖ్యకు కాదు. దారి పాడవడాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఒక్కొక్క ఇరుసుపై పడే బరువే. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిపిన రహదారి పరీక్షల్లో, ఇరుసు బరువు రెట్టింపైతే దారికి కలిగే నష్టం సుమారు పదహారు రెట్లు పెరుగుతుందని తేలింది. అంటే అదే సరుకును ఎక్కువ ఇరుసులపై పంచితే దారి తక్కువగా దెబ్బతింటుంది. మన దారులను నలగ్గొడుతున్నది పొడవైన బండి కాదు, రెండు ఇరుసులపై నాలుగు ఇరుసుల బరువు ఎక్కించుకున్న పొట్టి టిప్పర్.

శాంతిపురంవాసి:
ఇరుసుల లెక్క మా ఊరి కల్వర్టుకు తెలియదు. రెండేళ్ల క్రితం వానలకు నానిన ఆ కల్వర్టు ఒక దిమ్మెల బండి కింద కుంగిపోయింది. నాలుగు నెలలు పాల క్యాన్లను తొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిప్పి పంపాము. కేంద్రానికి చేరేసరికి పాలు విరిగిన రోజులు ఉన్నాయి. నాకున్నవి మూడు ఆవులు. ఆ నష్టం ఎవరూ ఇవ్వలేదు.

గనిలెక్కలు:
మీ నష్టానికి నిజంగా విచారిస్తున్నాను. కానీ చిన్న కల్వర్టుపై ఒక్కసారికి కొన్ని ఇరుసులే ఉంటాయి, కాబట్టి పొడవైన బండి దానికి అదనపు భారం కాదు. బండి మొత్తం బరువు లెక్కలోకి వచ్చేది పొడవైన వంతెనల దగ్గర మాత్రమే.

శాంతిపురంవాసి:
నేను నష్టం గురించి అడిగితే మీరు మళ్లీ ఇరుసుల దగ్గరికే వెళ్లారు.

స్వర్ణముఖి:
ఇద్దరూ పొడవు గురించే వాదిస్తున్నారు గానీ, అసలు అడ్డం బరువు దగ్గర ఉంది. 2018లో కేంద్రం మొత్తం బరువు గరిష్ఠ పరిమితిని 49 టన్నుల నుంచి 55 టన్నులకు పెంచింది. ట్రైలర్ అదనంగా కట్టినంత మాత్రాన 55 దాటడానికి వీలు లేదు. పైగా ఆ ఖాళీ ట్రైలర్ బరువు సరుకులోంచే తగ్గుతుంది. 25.25 మీటర్ల బండి పార్సిళ్లు, దూది వంటి తేలిక సరుకుకు లాభం. ముగ్గురాయి నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువైనది. చెన్నై దారిలో రెండో ట్రైలర్ వల్ల ఆ సరుకుకు ఒక్క టన్ను కూడా కలిసిరాదు.

మొగిలిమలుపు:
స్వర్ణముఖి గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. గాలి బ్రేకుల బండిలో తొక్కిన ఒత్తిడి చివరి ట్రైలరుకు ఆలస్యంగా చేరుతుంది. ముందు బండి కొద్దిగా పక్కకు తప్పుకుంటే చివరిది అంతకంటే ఎక్కువగా ఊగుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఆన్‌స్లో ఇనుప ఖనిజ ప్రాజెక్టు కోసం దాదాపు 150 కిలోమీటర్ల సొంత దారి వేసుకుని 330 టన్నులు మోసే బండ్లు నడిపారు. అక్కడ కూడా బండ్లు బోల్తా పడ్డాయి. ఆ దారిలో ఆవులు, స్కూలు ఆటోలు, కాలినడకన కొండకు వెళ్లే భక్తులు ఉండరు. రేణిగుంట, పుత్తూరు దారిలో ఉంటారు.

గనిలెక్కలు:
ఎలక్ట్రానిక్ బ్రేకులతో ఆ ఆలస్యం బాగా తగ్గుతుంది. ప్రతి కొత్త బండినీ ఇలాగే భయపెట్టి ఆపితే మనం ఎక్కడికీ చేరము. కొంతమందికి దారి భద్రత కంటే తమ కిరాయి భద్రతే ముఖ్యమని అనిపిస్తున్నది.

మొగిలిమలుపు:
ఆ మాట మీరే తెచ్చారు కాబట్టి దాచుకోను. అవును, నా కిరాయే నాకు ముఖ్యం. బండి మీద ఇంకా ఇరవై ఎనిమిది నెలల కంతులు ఉన్నాయి. మూడు ట్రైలర్ల బండి ఒకటి వస్తే మూడు బండ్ల పని ఒక డ్రైవర్ చేస్తాడు. ఆ బండి కొనగలిగేది నాలాంటి వాడు కాదు. మీరు ఈ వేదికపై ఇన్ని రోజులుగా ఎవరి తరఫున లెక్కలు రాస్తున్నారో మీరు కూడా దాచకండి.

గనిలెక్కలు:
దాచవలసిన అవసరం లేదు. నేను ఒక క్వారీ కార్యాలయంలో బండ్లు పంపే లెక్కలు చూస్తాను. ఓడకు సరుకు అందవలసిన రోజున పన్నెండు బండ్లు కావాలంటే ఏడింటికే డ్రైవర్లు దొరుకుతున్నారు. అనుభవం గల వారు మానేస్తున్నారు, కుర్రవాళ్లు ఈ పనికి రావడం లేదు. ఆలస్యమైన ప్రతిసారీ మాటలు పడేది నేను. ట్రైలర్లు పెంచమని నేను అడగడానికి మూలం అదే.

మొగిలిమలుపు:
డ్రైవర్లు ఎందుకు రావడం లేదో నేను చెప్తాను. చెన్నై రేవు గేటు బయట రెండు రోజులు బండి కింద నీడలో పడుకున్నా బత్తా ఒక్క రోజుకే ఇస్తారు. కాటా దగ్గర బరువు ఎక్కువ తేలితే జరిమానా కట్టేది మేము, ఎక్కువ ఎక్కించేది మీ మనుషులు. పోయిన సంక్రాంతికి ఆ జరిమానా కట్టి వట్టి చేతులతో ఇంటికి వెళ్లాను. ఈ రెండూ సరిచేస్తే మీకు పన్నెండు మంది దొరుకుతారు.

శాంతిపురంవాసి:
మా కల్వర్టును కుంగగొట్టిన బండిలోకి అంత బరువు ఎవరు ఎక్కించారో ఈ రోజు అర్థమైంది. ఇంతవరకు నేను డ్రైవరునే తిట్టుకున్నాను.

స్వర్ణముఖి:
ముగ్గురాయి విషయంలో ఒక సంగతి మరచిపోతున్నాము. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం వరకు 2019లో రైలు మార్గం తెరుచుకుంది. కృష్ణపట్నం రేవుకు అది దగ్గరి దారి. మంగంపేట ఆ ఓబులవారిపల్లె పక్కనే ఉంది. రెండు మూడు ట్రైలర్ల బండి నిజంగా పనికివచ్చే చోటు ఉంటే అది గనికీ, సరుకు ఎక్కించే రైలు సైడింగుకూ మధ్య, గని సొంత దారిపై మాత్రమే. అక్కడ ఘాట్ లేదు, ఊరు లేదు.

గనిలెక్కలు:
ముగ్గురాయికి దానిని ఒప్పుకుంటాను. గ్రానైట్‌కు చెన్నై దారిలో అనుమతి కోరాలన్న ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నాను. బత్తా విషయం మా కార్యాలయంలో రాతపూర్వకంగా అడుగుతాను. జరిమానా గురించి నేను మాట ఇవ్వలేను, అది నా చేతిలో లేదు.

మొగిలిమలుపు:
ఎక్కించే చోట కాటా చీటీపై సంతకం పెట్టేది మీరే కదా. అది మీ చేతిలోనే ఉంది.