అప్‌డేట్: రిజువనేటర్ కలిపాక కార్బొనైల్ ఎందుకు పెరిగిందో తేలింది

నా పాత ప్రశ్న ఇదీ: ఆర్‌టీఎఫ్‌ఓలో (పలచటి పొరగా తిప్పుతూ వేడిచేసే ఓవెన్) 163 డిగ్రీల వద్ద 85 నిమిషాలు, తర్వాత పీఏవీలో (గాలి పీడనంతో ముదరబెట్టే పాత్ర) 100 డిగ్రీలు, 2.1 మెగాపాస్కల్ పీడనంలో 20 గంటలు ముదరబెట్టిన బిటుమెన్‌కి (రోడ్డు తారు) మొక్కల నూనెతో చేసిన రిజువనేటర్, అంటే దాన్ని మళ్లీ మెత్తబరిచే పదార్థం, కలిపాను. పెనెట్రేషన్ (సూది దిగే లోతు, అంటే మెత్తదనం) తిరిగొచ్చింది. కానీ ఎఫ్‌టీఐఆర్‌లో (పరారుణ కాంతితో చేసే స్కాన్) ఆక్సీకరణ ఎంత జరిగిందో చెప్పే కార్బొనైల్ సూచిక తగ్గకపోగా పెరిగింది. ప్రయోగం ఎక్కడ చెడింది?

చెడలేదు. నూనెను విడిగా స్కాన్ చేయమని ఒకరు సలహా ఇచ్చారు, చేశాను. నూనెలోని ఎస్టర్‌లోనూ కార్బొనైల్ ఉంటుంది, దానికి 1740 సెం.మీ⁻¹ దగ్గర సొంత శిఖరం ఉంది. ఆక్సీకరణ వల్ల వచ్చేది 1700 చుట్టూ ఉంటుంది. నేను రెండింటి వైశాల్యాన్నీ కలిపి లెక్కేశాను! ఆ సలహా ఇచ్చినవారికి నిజంగా రుణపడి ఉన్నాను, నెల రోజుల బెంగ తీరింది.

విడదీసి చూస్తే 1700 శిఖరం దాదాపు అలాగే ఉంది, నూనె కలిసి పలచబడినంత మేరకే తగ్గింది. అంటే రిజువనేటర్ ఆక్సీకరణను వెనక్కి తిప్పదు. తగ్గిపోయిన మాల్టీన్ల (బిటుమెన్‌లోని నూనెలాంటి భాగం) వాటా పెంచి, గుమిగూడిన అస్ఫాల్టీన్లకు (గట్టి, బరువైన భాగం) మళ్లీ కదలిక ఇస్తుంది, అంతే. అందుకే మెత్తదనం ఒక్కటే చూసి "యవ్వనం వచ్చింది" అనడం నాకిప్పుడు తప్పనిపిస్తోంది.

ఇదే మిశ్రమాన్ని మళ్లీ పీఏవీలో పెట్టాను. ఎంత వేగంగా గట్టిపడుతుందో చూడాలి.