అప్‌డేట్: పాత పొలంలోని నేలకింది నీటి తొట్టి – లోపలికి దిగలేదు

ఒకప్పటి పొలంలో బయటపడ్డ పాత నీటి తొట్టిలోకి దిగొచ్చా అని అడిగాను కదా. ముందు గాలి పరీక్షించమన్నవాళ్లకు చాలా థాంక్స్, మీ మాటే నన్ను ఆపింది.

పిలిపించిన నిపుణుడు గ్యాస్ మీటర్‌ని తాడుతో దించారు. పైన ఆక్సిజన్ 20.9 శాతం, అడుగున 16 మాత్రమే! 19.5 కంటే తగ్గితే చాలు, దిగకూడదట. కుళ్ళిన ఆకులే ఆక్సిజన్‌ని లాగేశాయన్నారు. దీపం దించి గాలి బాగుందో లేదో చూద్దామన్న నా ఆలోచన తప్పు. మీథేన్ ఉంటే అంటుకుంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉన్నా దీపం ఆరదు.

నిచ్చెన పొడవు గురించి పడ్డ టెన్షన్ అంతా అనవసరమే. చివరికి లైటు కట్టిన కెమెరా దించాం. గోడల మీద సున్నపు పూత ఇంకా చెక్కుచెదరలేదు, ఎంత బాగుందో! పైకప్పు మాత్రం పగిలింది. చుట్టూ కంచె వేయించి, బరువైన మూత పెట్టించాను.