శ్రావణంలో పల్లెటూరి పెళ్ళి, అర్ధరాత్రి ముహూర్తం: కెమెరా సంచిలో ఏమేమి సర్దుకోవాలి?

ప్రశ్న

వచ్చే శ్రావణ మాసంలో మా బాబాయిగారి అమ్మాయి వివాహం అమలాపురానికి దగ్గరలోని మా ఊరిలో, ఇంటి ముందు వేసే తాటాకు పందిట్లో జరగబోతోంది. ముహూర్తం అర్ధరాత్రి దాటిన తరువాత ఉంది. ట్రెడిషనల్ ఫోటోలకు, వీడియోకు స్థానికంగా ఒక స్టూడియో వారిని మాట్లాడారు. క్యాండిడ్ ఫోటోలు, అంటే ఎవరూ పోజు పెట్టకుండా సహజంగా ఉన్నప్పుడు తీసేవి మాత్రం నేనే తీయాలని మా చెల్లెలు పట్టుబట్టింది. నా వద్ద క్రాప్ సెన్సర్ మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి, దానితో పాటు వచ్చిన 18-55 లెన్స్, 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్స్, రెండు బ్యాటరీలు, ఒక మెమొరీ కార్డు ఉన్నాయి (ఎం.ఎం. అంకె పెరిగేకొద్దీ లెన్స్ చూపే దృశ్యం ఇరుకవుతుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు పెరుగుతుంది). ఫ్లాష్ ఇంతవరకు వాడలేదు. పదిహేను వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలను కనుక, ఆ డబ్బుతో 70-200 ఎఫ్ 2.8 లెన్స్‌ను బెంగళూరులోనే అద్దెకు తీసుకుని రైలులో వద్దామనుకుంటున్నాను. ఈ ఆలోచన సరైనదేనా, ఇంకా ఏమేమి తెచ్చుకోవాలి అన్నది అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

మొదటి జవాబు

రాజమహేంద్రవరం పరిసరాలలో పెళ్ళి ఫోటోలు తీయడమే నా వృత్తి. మీరు చెప్పినటువంటి పందిళ్ళు బాగా తెలిసినవే కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

70-200 ఆలోచనను ముందుగా పక్కన పెట్టండి. మీ కెమెరా సెన్సరు చిన్నది కావడం వలన ఆ లెన్స్, పెద్ద (ఫుల్ ఫ్రేమ్) సెన్సరు కెమెరా మీద సుమారు 105 నుంచి 300 ఎం.ఎం. లెన్స్ చూపినంత ఇరుకైన దృశ్యాన్ని మాత్రమే చూపుతుంది. ఇంటి ముందు పందిట్లో పీటలకూ మీకూ నడుమ ఏడెనిమిది అడుగులకు మించి చోటు దొరకదు. ఒకవేళ దొరికినా, ఆ చోటులో ముత్తయిదువలు, ఫోన్లు పైకెత్తి పట్టుకున్న బంధువులు, పురోహితుడు అడిగిన కొబ్బరికాయ కోసం వెతుకుతున్న మేనమామ నిలబడి ఉంటారు. పెద్ద కల్యాణ మండపంలో, ఎత్తయిన వేదిక ఎదుట దూరంగా నిలబడి తీయవలసి వచ్చినప్పుడు ఆ లెన్స్‌కు సాటి లేదన్నది నిజమే కానీ, మీకు కావలసింది అది కాదు.

మీకు అన్నింటికంటే ముందు కావలసింది రెండో కెమెరా. జీలకర్ర బెల్లం ఘట్టాన్ని తలచుకోండి. వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది, పురోహితుడు చెయ్యి ఎత్తుతాడు, గట్టిమేళం మోగుతుంది, ఇద్దరూ ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం ఉంచుతారు, తెర దిగుతుంది, ఒకరినొకరు చూసుకుంటారు. సుముహూర్తమంటే ఆ క్షణమే, దానిని మళ్ళీ చేయమని అడగడానికి లేదు. సరిగ్గా అప్పుడు కార్డు మొరాయించినా, బ్యాటరీ అయిపోయినా, మీ మెడలోనే రెండో కెమెరా సిద్ధంగా ఉండాలి. అందువలన మీ కెమెరా కంపెనీదే, మీ లెన్సులూ బ్యాటరీలూ సరిపోయేదే మరొక బాడీని (లెన్స్ లేని కెమెరాను) అద్దెకు తీసుకోండి. రెండు కార్డు స్లాట్లు ఉన్న బాడీ దొరికితే మరీ మంచిది, ఒకే ఫోటో రెండు కార్డులలోనూ పడేలా పెట్టుకోవచ్చు. ఒక బాడీకి 17-50 ఎఫ్ 2.8 వంటి లెన్స్ అద్దెకు తెచ్చి తగిలించి, రెండోదానికి మీ 50 ఎం.ఎం. లెన్స్‌ను ఉంచితే, రాత్రంతా లెన్స్ మార్చే పని ఉండదు. తెర దిగే సమయానికి మీరు వధూవరులకు ఎదురుగా కాక, తెర అంచు వైపు పక్కగా కూర్చుని ఉంటే 17-50తో ఇద్దరి ముఖాలూ ఒకే ఫ్రేములో దొరుకుతాయి.

ఇక వెలుతురు. ఫంక్షన్ హాలులో తెల్లటి కప్పు ఉంటే ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టి పని గడుపుకోవచ్చు. తాటాకు పందిరిలో ఆ అవకాశం లేదు, ఆకు వెలుతురును మింగేస్తుంది. లోపల ఎర్రటి షామియానా గుడ్డ కడితే పరిస్థితి ఇంకా కష్టం, పైకి కొట్టిన వెలుతురు ఎర్రగా దిగి పెళ్ళికూతురి పసుపు ముఖాన్ని ఇటుక రంగులోకి మారుస్తుంది. కాబట్టి ఒక మామూలు మాన్యువల్ ఫ్లాష్ (శక్తిని మనమే మార్చుకునేది), దానికి తగిన రేడియో ట్రిగ్గరు (కెమెరా నొక్కగానే దూరంలోని ఫ్లాష్ను వెలిగించేది), ఒక చిన్న తెల్ల గొడుగు, పందిరి రాటకు బిగించుకోవడానికి ఒక గట్టి క్లాంపు తెచ్చుకోండి. పీటలకు ఒక పక్కగా, మనిషి ఎత్తుకు రెండు మూడు అడుగుల పైన ఫ్లాష్‌ను బిగిస్తే ముఖాల మీద వెలుతురు సహజంగా పడుతుంది, ఎవరి కాలికీ స్టాండు తగలదు. పసుపు కుంకుమలు రాసి, గుడ్డలో నవధాన్యాలు కట్టిన పెళ్ళిరాటకు మాత్రం క్లాంపు తగిలించవద్దు. దానికి పూజ చేసి ఉంటారు, పెద్దవాళ్ళు ఊరుకోరు.

ఐఎస్ఓ (సెన్సరు వెలుతురుకు స్పందించే స్థాయి) 1600, ఎఫ్ 2.8, ఫ్లాష్ శక్తి ఎనిమిదో వంతు అన్న చోట మొదలుపెట్టి అక్కడి నుంచి సర్దుకోండి. షట్టరు వేగం సెకనులో వందో వంతు (1/100) వద్ద ఉంచితే మంచిది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కనుక ట్యూబులైట్లు సెకనుకు వందసార్లు మిణుకుతాయి, ఆ వేగంలో ఫోటోలో చారలు పడవు. మిర్రర్‌లెస్‌లో చప్పుడు రాని ఎలక్ట్రానిక్ షట్టరును ఆ రాత్రికి మరచిపోండి, చారలు ఎక్కువగా వచ్చేది దానితోనే. ఇంకొక మాట: మధుపర్కాల సమయానికి వధూవరులిద్దరూ తెల్లని బట్టలలో ఉంటారు, వెనుక చీకటి ఉంటుంది. ఆటోమేటిక్‌గా వదిలేస్తే కెమెరా ఆ చీకటిని చూసి వెలుతురు పెంచుతుంది, తెల్లబట్ట నేతలోని గీతలు కూడా కనబడకుండా పోతాయి. మాన్యువల్‌లోనే తీయండి.

రెండో జవాబు

పై జవాబులో రెండో బాడీ విషయంతో ఏకీభవిస్తున్నాను, ఫ్లాష్ విషయంలో నా అభిప్రాయం వేరు. నేను కరీంనగర్ వైపు క్యాండిడ్ మాత్రమే తీస్తాను. ఎదురుకోలు, పెళ్ళి, బారాత్ అన్నింటిలోనూ వీడియో వారి ఎల్‌ఈడీ లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఎఫ్ 1.8 లెన్సు ఉన్నవారికి ఐఎస్ఓ 3200 వద్ద ఆ వెలుతురు చాలు. ఫ్లాష్ పడిన ప్రతిసారీ మనుషులు కెమెరా వైపు తిరుగుతారు, తిరిగారంటే అది క్యాండిడ్ కాదు. పైగా జీవితంలో ఫ్లాష్ పట్టుకోని వ్యక్తి చెల్లెలి పెళ్ళిలో నేర్చుకోవడం మొదలుపెట్టడం నాకు సబబుగా తోచడం లేదు. ఆ డబ్బుతో 35 ఎం.ఎం. ఎఫ్ 1.4 లెన్స్ అద్దెకు తీసుకుంటే వారికి సుఖం.

మొదటి జవాబు రాసినవారి స్పందన

వీడియో లైట్లు ఉన్నంతసేపు మీరు చెప్పినది నిజం. అవి ఎప్పుడు ఆరిపోతాయో చూడండి. తలంబ్రాలు అయిపోగానే వీడియో వారు భోజనానికి లేస్తారు. స్థాలీపాకానికి, అరుంధతీ నక్షత్రం చూపించడానికి దంపతులను ఆరుబయటకు తీసుకువెళ్ళేటప్పటికి వెంట ఉండేది చిన్న బల్బు, హోమపు మంట మాత్రమే. అప్పగింతలు తెల్లవారుజామున వాకిట్లో జరుగుతాయి. పెళ్ళిలో అందరూ ఏడ్చే ఘట్టం అది, అప్పుడు ఎవరూ ఫ్లాష్ వైపు తిరిగి చూడరు. నేర్చుకోవడం అన్నారు కనుక, శ్రావణం రావడానికి ముందే ఇంట్లో ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, గదిలో దీపం ఆర్పి, నాలుగైదు సాయంకాలాలు సాధన చేస్తే మాన్యువల్ ఫ్లాష్ చేతికి వస్తుంది. 35 ఎఫ్ 1.4 మంచి లెన్సే, 17-50 దొరకని పక్షంలో తీసుకోవచ్చు.

అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. 70-200 ఆలోచన మానుకున్నాను. రెండో బాడీ, 17-50, ఒక ఫ్లాష్ అని నిర్ణయించుకున్నాను. శ్రావణం కనుక వాన పడుతుందేమోనన్న భయం ఉంది. బ్యాటరీలు, కార్డులు ఎన్ని తెచ్చుకోవాలి? పెళ్ళికూతురి అలంకరణ, నగలు దగ్గరగా తీయమని మా చెల్లెలు ప్రత్యేకంగా అడిగింది, దానికి మరొక లెన్స్ కావాలా?

మూడో జవాబు

నేను పెళ్ళికూతురి గదిలో ఎక్కువగా పనిచేసే ఫోటోగ్రాఫర్‌ను కనుక చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. నగల కోసం మాక్రో లెన్స్ (చిన్న వస్తువులను బాగా దగ్గరగా తీసేది) అద్దెకు తీసుకోనవసరం లేదు. మీ 50 ఎం.ఎం. లెన్స్ దగ్గరి వస్తువు మీద ఫోకస్ కాదు, దానికీ కెమెరాకూ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబు అనే బోలు గొట్టం తగిలిస్తే అవుతుంది. ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్న ట్యూబు కొనండి, లేనివి చవకే కానీ వాటితో ఆటోఫోకస్, అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రాన్ని మార్చుకోవడం) రెండూ పనిచేయవు. మంగళసూత్రాలు, మెట్టెలు, వడ్డాణం వంటివి గౌరీపూజ మొదలయ్యే ముందే తీసుకోండి. ఆ తరువాత అవి పూజలో ఉంటాయి, లేదా ఇంటి పెద్దావిడ కొంగుముడిలో ఉంటాయి, అడిగినా ఇవ్వరు. నగల మీద ఫ్లాష్ నేరుగా కొట్టకండి, బంగారం మీద తెల్లటి మచ్చలు పడతాయి. కిటికీ పక్కన తెల్లని తువ్వాలు పరచి తీయడం చాలు.

వాన గురించి. రెండు కెమెరాలకూ రెయిన్ కవర్లు, అవి లేకపోతే దళసరి పాలిథీన్ సంచులు, రబ్బరు బ్యాండ్లు పెట్టుకోండి. గొడుగు తగిలించిన ఫ్లాష్ మీద కూడా సంచి కప్పాలి, తాటాకు పందిరి వాన ఆగిన తరువాత కూడా చాలాసేపు కారుతుంది. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. ఏసీ గదిలోనో కారులోనో ఉంచిన కెమెరాను ఒక్కసారిగా బయటకు తెస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, తుడిచినా మళ్ళీ పడుతుంది. ముహూర్తానికి అరగంట ముందే సంచిని మూసి ఉంచినట్టే బయటకు తెచ్చి, లోపలి వస్తువులు బయటి వేడికి అలవాటు పడ్డాక తెరవండి. సంచిలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసుకోండి.

మరొకటి ఎవరూ చెప్పలేదు. ఈ రోజుల్లో తలంబ్రాల బియ్యంలో థర్మోకోల్ పూసలు, మెరుపు పొడి కలుపుతున్నారు. ఆ పూసలు చెమట పట్టిన చేతికి అంటుకుని, అక్కడి నుంచి లెన్స్ మౌంటు సందులోకి, కార్డు తలుపు కిందికి చేరతాయి. పసుపు బియ్యమైతే దులిపితే పోతుంది, ఇవి పోవు. దుమ్ము ఊదే రబ్బరు బ్లోయరు, మెత్తని బ్రష్షు, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు తప్పనిసరి. లెన్సుల ముందు యూవీ ఫిల్టరు బిగించండి, హోమంలో నెయ్యి చిటపటలాడినప్పుడు చుక్కలు దాని మీద పడతాయి. పొగలో కెమెరా మీది ఫ్లాష్ కొడితే పొగే తెల్లగా కనిపిస్తుంది, రాటకు బిగించిన ఫ్లాష్‌కు ఆ ఇబ్బంది తక్కువ.

మొదటి జవాబు రాసినవారి స్పందన

మీ ప్రశ్నలలో మిగిలినవి, బ్యాటరీలు, కార్డుల సంగతి నేను చెబుతాను. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా అంటే బాడీకి మూడు చొప్పున లెక్క వేసుకోండి. అద్దె బాడీతో రెండు అడిగి తీసుకోవచ్చు. ఫ్లాష్ నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడిచేదైతే రీఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం మూడు సెట్లు తెండి, మామూలు ఆల్కలైన్ సెల్లు కాస్త వాడగానే నీరసించి, ఫ్లాష్ మళ్ళీ సిద్ధం కావడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి. వాడిన సెట్టును తలక్రిందులుగా డబ్బాలో పెడితే చీకట్లో వెతుక్కోనక్కరలేదు. ఛార్జింగుకు సొంత జంక్షన్ బాక్సు తెచ్చుకుని, పందిట్లో కాక ఇంటి లోపలి ప్లగ్గులో పెట్టుకోండి. పందిట్లోని లైను జనరేటరు మీద ఉంటుంది, దానికి వీడియో లైట్లు, సౌండు సిస్టమ్, కూలర్లు అన్నీ తగిలించి ఉంటాయి.

కార్డుల విషయంలో, 24 మెగాపిక్సెల్ కెమెరా కంప్రెస్ చేసిన రా ఫైలు (తరువాత సరిదిద్దుకోవడానికి వీలుగా కెమెరా దాచే ముడి ఫైలు) సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది కనుక 64 జీబీ కార్డులో దాదాపు రెండు వేల ఫోటోలు పడతాయి. ఒకే పెద్ద కార్డు కంటే 64 జీబీవి నాలుగు మేలు. ఇంట్లోనే కెమెరాలో ఫార్మాట్ చేసుకుని రండి. నిండినవి కెమెరా సంచిలో వేయకుండా, జిప్పు ఉన్న చిన్న పర్సులో మీ ఒంటి మీదనే ఉంచుకోండి. పెళ్ళి ఇంట్లో సంచి ఏ మూలకు జరుపుతారో చెప్పలేం. లాప్‌టాప్‌లోకీ, విడి ఎస్‌ఎస్‌డీలోకీ కాపీ అయ్యేదాకా వాటిని చెరపకండి. తిరుగు రైలులో కార్డులు మీ వద్ద, ఎస్‌ఎస్‌డీ వేరొకరి వద్ద ఉంటే ఇంకా నిశ్చింత. రెండు కెమెరాల గడియారాలు ఒకే సమయానికి సరిచేసుకోవడం మరవకండి, లేకపోతే ఫోటోలు వరుసలో పెట్టేటప్పుడు మాంగల్యధారణ కంటే ముందు తలంబ్రాలు వచ్చి కూర్చుంటాయి.

అడిగినవారి స్పందన

చాలా స్పష్టంగా అర్థమైంది. అద్దె సామాను తీసుకునేటప్పుడు, అక్కడికి వెళ్ళాక స్టూడియో వారితో ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

రెండో జవాబు రాసినవారి స్పందన

అద్దె సామానును బయలుదేరే రోజున కాక ఒక రోజు ముందే తీసుకోండి. దుకాణంలోనే లెన్స్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి లోపల సాలెగూడు వంటి ఫంగస్ ఉందేమో చూడండి, 17 వద్ద, 50 వద్ద ఎఫ్ 2.8తో నాలుగు ఫోటోలు తీసి పెద్దది చేసి చూడండి, గీతలు ఉంటే దుకాణం వారి ఎదుటే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. డిపాజిట్ తిరిగి ఇచ్చేటప్పుడు మాట తేడా రాకుండా ఉంటుంది.

స్టూడియో వారిని ముందు రోజే ఫోనులో పలకరించి, వారు ఏ కంపెనీ ట్రిగ్గరు వాడుతున్నారో, ఏ ఛానల్‌లో పెట్టుకున్నారో అడగండి. ఇద్దరిదీ ఒకటే కంపెనీ, ఒకటే ఛానల్ అయితే మీరు నొక్కినప్పుడు వారి ఫ్లాష్, వారు నొక్కినప్పుడు మీది వెలుగుతాయి, రాత్రంతా గొడవే. అలాగే తెర దిగేటప్పుడు వారు ఏ పక్కన నిలబడతారో అడిగి, మీరు రెండో పక్కను ఎంచుకోండి. పందిట్లో పీటల దగ్గరికి చెప్పులతో రానివ్వరు కనుక తేలికగా విడిచే చెప్పులే వేసుకోండి. పాకెట్లున్న నూలు చొక్కా, నడుముకు చిన్న పౌచ్ ఉంటే చేతికి అందవలసిన బ్యాటరీ, కార్డు, గుడ్డ అందులో ఉంటాయి. మిగిలిన సంచిని పెళ్ళికూతురి గదిలో, తాళం వేసే బీరువా పక్కన పెట్టమని మీ పిన్నిగారికి అప్పగించండి.