చుక్కలఁ జెక్కిన చెక్కులు: చె, జె, సె?

లేడీ ఎలిజబెత్ ఫాస్టర్ అనే దొరసానిని ఇంగ్లీషు చిత్రకారుడు రెనాల్డ్స్ 1787లో చిత్రించాడు కదా, ఆ బొమ్మను చూసి బార్టొలోజీ రాగిరేకు మీద చెక్కి చేసిన ప్రింటు నకలు ఒకటి తాతయ్య పెట్టెలో దొరికింది. ఎర్రమట్టి రంగు సిరా. వెనక ఆయన చేతిరాతలో ఓ కందపద్యం. చెమ్మకి చెరిగి మొదటి పాదమే మిగిలింది: "చుక్కల ?క్కిన చెక్కులు". ఆ చెరిగిన అక్షరం నా చెవిలో "జె" అనే ఉంది. రెండో పాదం "మక్కువ"తో మొదలయ్యేదని గుర్తు. ఈ పద్యం ఎవరైనా విన్నారా?

— జె నే అండీ. చుక్కలన్ అంటే చుక్కలతో. ద్రుతం (చివరి న్) మీద పరుషం సరళమవుతుంది, అంటే చ జ అవుతుంది. అరసున్నే పెట్టాలి. నిండుసున్న పెడితే మొదటి భగణం (గురువు, రెండు లఘువులు) రగణమైపోతుంది (గురువు, లఘువు, గురువు), కందం పోతుంది.

— చె అన్నా మూడూ భగణాలే మాస్టారూ, ఛందస్సు తీర్పు చెప్పదు. ఆ "ల" అసలు "లు" అయితే? చుక్కలే, అంటే నక్షత్రాలే, చెక్కాయని అర్థం. అప్పుడు ప్రథమావిభక్తి మీద గసడదవలు (క చ ట త పలకి బదులు గ స డ ద వలు) వచ్చి "చుక్కలు సెక్కిన" అనీ ఉండొచ్చు.

— వ్యాకరణం సరే, పని చూడండి. ఈ ప్రింటు స్టిపుల్, అంటే చుక్కలతో బొమ్మ చెక్కే పద్ధతి. అందులో బుగ్గ మీద గీత అన్నదే ఉండదు. రాగిరేకుకి మైనంలాంటి పూత పూసి, సూదితో చుక్కలు పొడిచి, ఆసిడ్ పోస్తారు. తర్వాత వంపు ఉలితో మిగతా చుక్కలు వేస్తారు. నీడ కావాలంటే దట్టంగా, వెలుగు కావాలంటే దూరదూరంగా. మా అమ్మమ్మ పచ్చబొట్టు "పొడిపించుకున్నా" అనేది, "చెక్కించుకున్నా" అని ఎన్నడూ అనలేదు. నన్నడిగితే "చుక్కలఁ బొడిచిన" అనాలి.

— ప్రాస చెడదు గానీ అండీ, "పొడిచిన" వస్తే చెక్కు-చెక్కు జంట పోతుంది! చెక్కు అంటే చెంప కూడా, ఆ యమకం కోసమే కవి ఆ మాట వాడాడు. పైగా ఆ ప్రింట్ల కింద ఎడమవైపు చిత్రకారుడి పేరు పక్కన "పింక్సిట్", కుడివైపు చెక్కినవాడి పేరు పక్కన "స్కల్ప్సిట్" అని ఉంటుంది. లాటిన్‌లో మొదటిది చిత్రించెను, రెండోది చెక్కెను అనే.

— చుక్కలతో ముఖం అంటే నాకు పోతనే గుర్తొస్తాడు. "నల్లనివాఁడు పద్మనయనంబులవాఁడు" అంటూ పోతాడు చూడండి, ఒక్కో "వాఁడు" ఒక్కో చుక్క. గీత లేకుండానే నవ్వు మోము మొత్తం కనబడుతుంది. దశమస్కంధం మళ్ళీ తీశాను, ఈ రాత్రికి ఇంక నిద్ర లేదు.

— పోతన అభిమానిని నేనూనూ. కానీ అక్కడ గోపికలు కృష్ణుణ్ణి వెతుకుతున్నారు, కనబడలేదు కాబట్టే ఆ పద్యం.

— భూతద్దం పెట్టి చూశానండీ. చెంప మీద చుక్కలు పలచబడుతూ పోయి, వెలుగు పడ్డచోట ఒట్టి కాగితమే మిగిలింది. వెనక మాత్రం చకీ జకీ తేడా తెలిసే చోటే మరక.

— రెండో పాదం మక్కువ అయితే నాలుగో గణం మొదటి అక్షరం ఆ మకి యతి కుదరాలి. "మానిని" అని విన్నట్టుందా? గుర్తు చేసుకుని చెప్పండి.