డిటెక్టివ్ కథల తర్వాత ఏం ఇవ్వాలి?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మేనకోడలికి పిల్లలే డిటెక్టివులుగా ఉండే కథలంటే ప్రాణం. చదువుతూ అనుమానితుల పేర్లన్నీ రఫ్ నోట్సు వెనక రాసుకుంటుంది. ఒక్కొక్కరినీ కొట్టేసుకుంటూ పోయి, ఒక్క పేరు మిగిలేదాకా అన్నానికి పిలిచినా పలకదు.

ఇప్పుడేమో "నిజంగా జరిగినవి కావాలి మావయ్యా" అంటోంది. చెప్పలేనంత సంతోషంగా ఉంది నాకు. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి గురించి చెప్తే, మన వీరఘట్టం ఆయనా అని కళ్లింత చేసుకుని వింది. ఆయన మీద ఈ వయసు పిల్లలకి తగ్గ పుస్తకం ఉందా? బిరుదులు, తేదీల జాబితాలా ఉంటే రెండో పేజీలోనే మూసేస్తుంది. తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం ఉండాలి.

యాత్రల్లో, ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్ర మీద రాసుకున్న పుస్తకం ఇద్దామనుకున్నాను. తిరుగుదారిలో మన జిల్లా మీదుగానే వచ్చారాయన. కానీ ఆ పాత భాష దగ్గరే ఆగిపోతుందేమోనని బెంగ. తేలిక తెలుగులో ఎవరైనా తిరగరాశారా?

కథానిలయం గ్రంథాలయం మా ఊళ్లోనే ఉంది గానీ అది కథలకి. ఇలాంటి పుస్తకాలు శ్రీకాకుళం, విజయనగరాల్లో ఎక్కడ దొరుకుతాయో, మీ ఇంట్లో పిల్లలు ఏవి వదలకుండా చదివారో దయచేసి చెప్పండి.