తడిసిన జీడిపప్పు మంచిదాంట్లో కలిపి అమ్మేశాం, ఇప్పుడు ఏటి చెయ్యాలి?

కాశీబుగ్గ కుర్రోడు:
అస్సలాము అలైకుం అందరికీ. మాది కాశీబుగ్గ, మా మామూ జీడిపప్పు షాపులో రెండేళ్ళ నుంచి చేస్తున్నాను. మొన్నటి వానలకి గోడౌన్ రేకు కారి రెండు బస్తాల పప్పు చెమ్మెక్కిపోయింది, ఎండబెట్టాం గానీ ఆ ముక్కిన వాసన పూర్తిగా పోలేదు, మంచి గుళ్ళలో కొంచెం కొంచెం కలిపీమన్నారు మామూ, కలిపింది నా చేత్తోనే. రేటు మాత్రం మంచి సరుకు రేటే. కూతురి సారెకి స్వీట్లు చేయించాలని ఒక పెద్దావిడ ఐదు కేజీలు పట్టుకెళ్ళారు. గుప్పెడు తీసి వాసన చూసి "బాగుంటాది కదా బాబూ" అని నన్నే అడిగారు, నేను తలూపాను. అప్పట్నుంచి నమాజులో నిలబడితే ఆవిడ మొహమే కనిపిస్తంది. మామూ ఐదు పూటలా నమాజ్ చదువుతారు, జకాత్ (ఏటా ఇవ్వాల్సిన దానం) పైసాతో సహా లెక్కగట్టి ఇస్తారు, నన్ను పెంచింది ఆయనే. ఆయన గురించి ఇలా రాయడం గీబత్ (చాటున చెడు చెప్పడం) అవుద్దా? ఆ డబ్బు సంగతేటి?

విజయనగరం భాయ్:
వలైకుం అస్సలాం తమ్ముడూ. ముందు గీబత్ సంగతి. అబూ సుఫ్యాన్ పిసినారి, ఇంటికి సరిపడా ఇవ్వడం లేదు అని ఆయన భార్య హింద్ ప్రవక్త (స) దగ్గరికొచ్చి చెప్పుకుంటే ఆయన ఆవిణ్ణి ఆపలేదు, నీకూ పిల్లలకీ న్యాయంగా సరిపడినంత తీసుకో అన్నారు. దారి తెలుసుకోడానికి అడిగితే గీబత్ కాదని ఉలమాలు (మత పండితులు) దీన్నిబట్టే చెప్తారు. పేరు రాయలేదు, మంచి పని చేశావు.

ఇంక సరుకు. సహీ ముస్లిం అనే హదీసుల (ప్రవక్త మాటలు, చేతల) గ్రంథంలో అచ్చం నీ కథే ఉంది. ప్రవక్త (స) ఒక ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టారు, వేళ్ళకి తడి తగిలింది, ఇదేంటి అంటే వాన తడిపిందన్నాడు ఆ వ్యాపారి. మరి జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదు, మోసం చేసేవాడు నావాడు కాదు అన్నారు. చూడు, వాన పడినందుకు ఆయన ఒక్క మాట అనలేదు, తడిని అడుగున దాచినందుకే అన్నారు.

పలాస బాబాయ్:
ఎందుకురా గొడవ, ఆ లాభం ఎంతో లెక్క చూసి సదకా (దానం) ఇచ్చేయ్, అల్లాహ్ క్షమిస్తాడు. పెంచిన మామూ పరువు బజార్లో పెట్టకు.

విజయనగరం భాయ్:
బాబాయ్, కొన్నవాళ్ళెవరో తెలీకపోతే వాళ్ళ పేరున సదకా ఇవ్వమంటారు. ఇక్కడ ఆవిడెవరో తెలుసు కదా, అది ఆవిడ హక్కు, తౌబాలో (తప్పు ఒప్పుకుని అల్లాహ్ వైపు మళ్ళడంలో) అది తిరిగిచ్చేదాకా లెక్క తీరదు. ఖుర్ఆన్ 4:135లో మీకూ, మీ తల్లిదండ్రులకీ, బంధువులకీ వ్యతిరేకమైనా సరే న్యాయం వైపే నిలబడమని ఉంది. అలాగని మామూ మీద అరవకు తమ్ముడూ, ఫిరౌన్ లాంటి దుర్మార్గపు రాజు దగ్గరికి పంపినప్పుడే మూసా ప్రవక్త (అలై)ని మెత్తగా మాట్లాడమన్నాడు అల్లాహ్, నీకున్నది అన్నం పెట్టిన మామూ.

బొబ్బిలి ఆడపడుచు:
నేను ముస్లింని కాదు, కొనుక్కునే మనిషిగా చెప్తాను. సారె అంటే వియ్యాలవారి వీధంతా పంచుతారు బాబూ. స్వీటు వాసనొస్తే షాపువాణ్ణి ఎవరూ అనరు, మీ పుట్టింటివాళ్ళు చవకరకం పంపారని ఆ పిల్లనే అంటారు, ఏళ్ళ తరబడి అంటారు. ఇంకా వండకపోతే రేపు కాదు ఈరోజే వెళ్ళు. ఇంకో మాట, బూజు పట్టిన పప్పు సగం రేటుకి కూడా అమ్మొద్దు, పారేయండి.

కాశీబుగ్గ కుర్రోడు:
అక్కా, మీ మాట చదివాక కూర్చోలేకపోయాను. ఇషా (రాత్రి నమాజు) అయ్యాక మామూకి చెప్పాను, ఆ తడి కుప్ప హదీస్ కూడా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత గల్లాపెట్టి తాళం తీసి "ఆవిడ ఇల్లు తెల్సా" అన్నారు. ఐదు కేజీలు కొత్త గుళ్ళు తూచి కట్టాం, ఇచ్చిన డబ్బులు కూడా కవర్లో పెట్టారు. ఆవిడది సోంపేట అని మాత్రం తెలుసు, ఫోన్ నంబర్ లేదు, తెచ్చిన ఆటో అబ్బాయిని పట్టుకున్నాను, అతనికి ఇల్లు తెలుసంట. ఇప్పుడే బయల్దేరుతున్నాం, మామూ కూడా వస్తున్నారు.